‘ఫ్లిట్’ మోసిన సామాన్లు

(హనుమకొండలో డిగ్రీ విద్యార్థులు, ఇంగ్లిష్ టీచర్ల ముందు ఒక రిటైర్డ్ ఇంగ్లిష్ టీచర్ చేసిన ప్రసంగానికి రాత రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరుస దాకా వినపడుతోందా? సరే.

ఇవాళ నేను ఒక్క మాట గురించే మాట్లాడతాను. ఆ మాట ‘ఫ్లిట్’. యాభై ఏళ్లు దాటినవాళ్లకు ఈ పేరు వినగానే కిరోసిన్ లాంటి ఘాటు వాసన గుర్తొస్తుంది. కాజీపేట రైల్వే క్వార్టర్లలో మేం పెరిగిన రోజుల్లో దీపాలు పెట్టే వేళకు అమ్మ కిటికీలు మూసేసి, ‘ఫ్లిట్ కొట్టు బిడ్డా’ అనేది. ఒక పొడుగాటి గొట్టం, దాని మూతికి చిన్న డబ్బా, వెనక లాగి నొక్కే పిడి. నొక్కితే మందు పొగలా చిమ్మేది. ‘ఫ్లిట్’ అన్నది 1923లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన ఒక పురుగుల మందు పేరు. తర్వాత అందులో ఏ మందు పోసినా, ఎవరు తయారు చేసినా, ఆ పంపు మాత్రం మన ఇళ్లలో ఫ్లిట్ పంపుగానే ఉండిపోయింది.

ఎనిమిదో తరగతిలో ఒక ఇంగ్లిష్ పాఠంలో సీతాకోకచిలుక పువ్వు నుంచి పువ్వుకు ‘ఫ్లిట్’ అవుతోంది అన్న వాక్యం వచ్చింది. నాకు తెలిసిన ఫ్లిట్ ఒక్కటే. ఎవరో దాని మీద మందు కొట్టారనుకున్నాను, మనసంతా పాడైంది. మరుసటి రోజు క్లాసులో అర్థం రాయించారు: ‘ఫ్లిట్ అంటే రెక్కలాడించుట’. రాసుకున్నాను, బట్టీ పట్టాను, పరీక్షలో మార్కు వచ్చింది. కానీ ఆ అర్థం తప్పు. రెక్కలాడించడం వేరే మాట, అది ‘ఫ్లటర్’. కూచున్న చోటే కూచుని కూడా పిట్ట రెక్కలాడించగలదు. ‘ఫ్లిట్’ కావాలంటే చోటు మారాలి. ఈ చోటు మారడం అన్నదాన్ని గట్టిగా పట్టుకోండి, ఆ మాట చరిత్ర అంతా అందులోనే ఉంది.

ఇప్పటి ఇంగ్లిష్‌లో ఫ్లిట్ అంటే బరువు లేకుండా, చప్పుడు లేకుండా, చురుగ్గా ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోవడం. ఎక్కడా ఎక్కువసేపు ఆగకపోవడం. పిచ్చుక చేస్తుంది ఆ పని, తూనీగ చేస్తుంది. మనిషి ముఖం మీద నవ్వు కూడా అలా వచ్చిపోతుంది. ఇంత తేలికైన మాట పుట్టినప్పుడు ఏం అర్థంతో పుట్టిందో తెలుసా? మోయడం. సామాను ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరవేయడం.

ఇది ఇంగ్లిష్‌లో పుట్టిన మాట కాదు. 793లో ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని లిండిస్‌ఫార్న్ మఠం మీద, డెన్మార్క్, నార్వేల వైపు నుంచి ఓడల్లో వచ్చిన వైకింగులు దాడి చేశారు. 865లో పెద్ద సైన్యమే దిగింది. దోచుకోవడానికి వచ్చినవాళ్లలో చాలామంది అక్కడే పొలాలు చేసుకుంటూ, పెళ్లిళ్లు చేసుకుంటూ ఉండిపోయారు. ఇంగ్లండ్ ఉత్తర, తూర్పు భాగాల్లో రెండు భాషలు ఒకే వాడకట్టులో బతికాయి. మన వరంగల్లులో తెలుగు, ఉర్దూ బతికినట్టు. బజారుకు, దుకాణానికి, జేబుకు మనం వేరే మాట వెతకం కదా. అట్లనే ఇంగ్లిష్‌లోకి గుడ్డుకు ‘ఎగ్’, ఆకాశానికి ‘స్కై’, కత్తికి ‘నైఫ్’ ఆ వైకింగులు మాట్లాడిన నార్స్ భాష నుంచే వచ్చాయి. ‘వాళ్లు’ అనడానికి వాడే ‘దే’ కూడా వాళ్లదే. కిటికీ పేరు ‘విండో’ అయితే వాళ్ల భాషలో ‘గాలి కన్ను’. ఎంత చక్కని మాటో చూడండి.

ఆ వరుసలోనే వచ్చింది ‘ఫ్లుత్యా’. అంటే మోసుకుపోవు, చేరవేయు. 1200 ప్రాంతానికి ఇంగ్లిష్ రాతల్లో అది ‘ఫ్లిట్టెన్’ అయి కనిపిస్తుంది. ఆ కుటుంబం అసలు దేశాల్లో ఇప్పటికీ బరువు దించలేదు. స్వీడన్‌లో ‘ఫ్లుత్తా’ అంటే ఇల్లు మారడం. డెన్మార్క్, నార్వేలో కూడా అంతే. ఐస్‌లాండ్‌లో ‘ఫ్లితియా’ అంటే సామాను తరలించడమూ అవుతుంది, ప్రసంగం చేయడమూ అవుతుంది. వాళ్ల లెక్కన నేనిప్పుడు మీ ముందు చేస్తున్న పని కూడా అదే, ఒక మాటను మోసుకొచ్చి మీ ముందు దించడం.

స్కాట్లండ్‌లో, ఉత్తర ఇంగ్లండ్‌లో ‘ఫ్లిటింగ్’ అంటే ఇల్లు ఖాళీ చేసి పోవడం. అక్కడ కౌలుకూ కిరాయికీ పాతకాలం గడువులు ఏడాదికి రెండు, మే 15, నవంబర్ 11. ఆ రోజులు వచ్చాయంటే బండ్ల మీద మంచాలూ కుర్చీలూ కదిలేవి. కిరాయి బాకీ పెట్టి రాత్రికి రాత్రి మకాం ఎత్తేస్తే దానికి ‘వెన్నెల ఫ్లిట్’ అని పేరు. శనివారం ఇల్లు మారితే ఆ ఇంట్లో ఎక్కువ కాలం ఉండరని వాళ్లకో సామెత. ఈ సామెత మొదటిసారి చదివినప్పుడు మా అమ్మే గుర్తొచ్చింది. ఆషాఢం వద్దు, మంగళవారం వద్దు, ముందు పాలు పొంగించాలి, దేవుని పటం పోయాకే మిగతా సామాను పోవాలి. మనుషులు ఎక్కడున్నా పాత ఇల్లు వదిలి కొత్త గడప తొక్కేటప్పుడు కొంచెం భయపడతారు.

మా నాన్నది రైల్వే నౌకరీ. కాజీపేట నుంచి డోర్నకల్, అక్కడి నుంచి పెద్దపల్లి, రామగుండం, మళ్లీ కాజీపేట. ట్రాన్స్‌ఫర్ కాగితం వచ్చిందంటే ఇల్లంతా మూటలయ్యేది. సందుగులు, నులక మంచాలు, గంజులు, బిందెలు, బొంతలు, తులసి కుండీ. బిందెల్లో గ్లాసులు, గ్లాసుల మధ్య పాత చీరలు. అమ్మ ప్రతిసారీ రోలు పట్టుకుపోదామనేది, నాన్న ప్రతిసారీ వద్దనేవాడు, చివరికి రోలు కూడా లారీ ఎక్కేది. నేను ఇంగ్లిష్ ఎమ్మే చదువుతుండగా డిక్షనరీలో ‘ఫ్లిట్’ కింద ‘నివాసం మార్చు’ అన్న అర్థం కనపడింది. సీతాకోకచిలుక వెనక ఆ లారీ కనిపించింది నాకు. అప్పటి నుంచి ఈ మాటను వదలలేదు.

మరి బరువు ఎట్లా పోయింది? ముందు ‘సామాను చేరవేయి’ అన్నది, తర్వాత ‘నువ్వే ఇంకోచోటికి పో’ అయింది. మోసేవాడు పోయి పోయేవాడు మిగిలాడు. ఒకచోట నిలవకుండా పోయేవి లోకంలో ఏమున్నాయి? పిట్టలు, నీడలు, ఆలోచనలు. వాటికి వాడుతూ వాడుతూ పోగా మాటకే వాటి తేలికదనం అంటింది. ఉత్తరాన ఇల్లు మారడం మిగిలింది, దక్షిణాన, పుస్తకాల ఇంగ్లిష్‌లో, పిట్ట మిగిలింది.

ఇప్పుడు ఇంకా వెనక్కి పోదాం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, కొంచెం ఎక్కువసేపు తీసుకుంటాను.

నార్స్ ‘ఫ్లుత్యా’కు దగ్గరి చుట్టం ‘ఫ్ల్యోతా’. అంటే తేలడం. ఇంగ్లిష్ ‘ఫ్లోట్’ కూడా అదే కుటుంబం. ఓడల గుంపుకు ‘ఫ్లీట్’ అంటారు, అదీ ఇదే. ‘ఫ్లో’, ‘ఫ్లై’ కూడా ఇక్కడివే. సముద్రం ఒడ్డున, పడవల మీద బతికిన జనానికి సామాను చేరవేయడం అంటే నీటి మీద తేల్చడమే కదా. ఈ కుటుంబానికంతా మూలంగా భాషా శాస్త్రజ్ఞులు ఒక ధాతువును పునర్నిర్మించారు, పలకాలంటే ‘ప్లెవ్’ అనుకోండి. నీటి మీద తేలడం, పారడం దాని అర్థం.

‘ప’తో మొదలైన మూలం ఇంగ్లిష్‌లో ‘ఫ’ ఎట్లా అయిందంటారా? 1822లో జాకబ్ గ్రిమ్ అనే జర్మన్ భాషా శాస్త్రజ్ఞుడు వివరించిన సూత్రం ఉంది. ఇంగ్లిష్‌కూ సంస్కృతానికీ ఉమ్మడి మూలమైన పాత భాషలోని ‘ప’, ఇంగ్లిష్, నార్స్ లాంటి జర్మనిక్ భాషల్లో ‘ఫ’ అయింది. మనకు తెలిసిన సంస్కృత మాటలే పక్కన పెట్టి చూడండి. పితకు ‘ఫాదర్’, పాదానికి ‘ఫుట్’, పంచకు ‘ఫైవ్’. ఇంగ్లిష్ ‘ఫ్ల’ పక్కన సంస్కృతంలో ఏం ఉండాలి? ‘ప్ల’ ఉండాలి. ఉంది. ‘ప్లు’ ధాతువు. తేలడం, ఈదడం, దూకడం దాని అర్థాలు.

ఈ ‘ప్లు’ మీకు కొత్తది కాదు, రోజూ మీ నోట్లో తిరుగుతూనే ఉంది. తెలుగు మీడియంలో ఫిజిక్స్ చదివినవాళ్లు చెప్పండి, నీరు వస్తువును పైకి నెట్టే బలాన్ని ఏమంటారు? ‘ఉత్ప్లవన బలం’, అవును. తెలుగు క్లాసులో హ్రస్వం, దీర్ఘం తర్వాత మూడోది? ‘ప్లుతం’. దూరంగా ఉన్నవాణ్ని పిలిచేటప్పుడు ‘ఓ రామయ్యా...’ అని మూడు మాత్రలు సాగదీస్తామే, ఆ స్వరం అక్కడ తేలుతోంది. అదే ప్లుతం అమరకోశంలో గుర్రం నడకల్లో ఒకటి, దూకుతూ పరుగెత్తే నడక. కోతికి అక్కడే ‘ప్లవగం’, ‘ప్లవంగం’ అని పేర్లు, అంటే దూకుతూ పోయేది. మన అరవై సంవత్సరాల పేర్లలో ముప్పై అయిదోది ‘ప్లవ’, నలభై ఒకటోది ‘ప్లవంగ’. ప్లవ అంటే తెప్ప. 2021 ఉగాదితో మొదలైంది ప్లవ నామ సంవత్సరమే, ప్లవంగ 2027 ఉగాదితో మొదలవుతుంది.

2021లో మన దగ్గర ఏం జరిగిందో గుర్తుందా? జులై 25న రామప్ప గుడికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన ఆ గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో వేస్తే తేలుతాయి. తేలే ఇటుకల గుడికి లోకం గుర్తింపు వచ్చింది తేలడం పేరు పెట్టుకున్న సంవత్సరంలో. ఇది కాకతాళీయమే, దీనికి ఇంకే అర్థమూ కట్టను. కానీ ‘ప్లవ’ అన్న మాట పిల్లలకు గుర్తుండాలంటే రామప్ప దగ్గర నిలబెట్టి చెప్పండి, జన్మలో మరిచిపోరు.

ఇంకో చుట్టం ఉంది. వరంగల్లులో దాన్ని పరిచయం చేయాల్సిన పని లేదు. ‘విప్లవం’. వి, ప్లవ. మొదట్లో దాని అర్థం అటూ ఇటూ తేలిపోవడం, చెల్లాచెదురు కావడం. తర్వాత ఉపద్రవం, కల్లోలం. ఇంగ్లిష్ ‘రెవల్యూషన్’కు మనవాళ్లు ఈ మాటను నిలబెట్టాక అది గోడల మీదికి, పాటల్లోకి, ఊరేగింపుల్లోకి వచ్చింది. పూల మీద వాలే సీతాకోకచిలుక కదలికకూ, ఈ నేల మీద ఇంతమంది పిల్లల జీవితాలను మలుపు తిప్పిన మాటకూ ఒకటే వేరు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి, ఎందుకంటే ఈ పొరపాటు సభల్లో తరచూ వింటున్నాను. ‘ఫ్లిట్’ సంస్కృతం నుంచి వచ్చింది అని దయచేసి చెప్పకండి. ఇద్దరు అన్నదమ్ముల మనవలకు ముక్కు ఒకేలా ఉంటే ఒకరు ఇంకొకరికి పుట్టారని అర్థం కాదు. ఇద్దరూ ఒకే పెద్దమనిషి సంతానం. తెలుగు సంగతి మళ్లీ వేరు. మనది ద్రావిడ కుటుంబమని 1816లోనే ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఆధారాలతో చూపించాడు. ప్లవ, ప్లుతం, విప్లవం మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్నవి. తెచ్చుకున్నవి కూడా మనవే, కానీ తెచ్చుకున్నామని తెలిసి ఉండాలి.

మరి తేలికగా, చురుగ్గా కదలడానికి తెలుగు తన సొంత సంచిలోంచి ఏం తీస్తుంది? ఇంగ్లిష్ కదలిక తీరును క్రియలోనే పెట్టేస్తుంది. ఫ్లిట్, డార్ట్, స్కిప్, స్కాంపర్. మనం క్రియను మామూలుగా వదిలేస్తాం, పోయింది, వచ్చింది, ఎగిరింది. తీరునంతా దాని ముందు ఒక చప్పుడులో పెడతాం. తుర్రున పోయింది. రివ్వున ఎగిరింది. చెంగున దూకింది. సర్రున జారింది. గిర్రున తిరిగింది.

1930లో జె.ఆర్. ఫిర్త్ అనే భాషా శాస్త్రజ్ఞుడు ఒక విషయం ఎత్తిచూపాడు. కొన్ని ధ్వనుల గుంపులకు నిఘంటువులో అర్థం ఉండదు, కానీ మాట్లాడేవాళ్ల మనసులో ఒక భావం ముడిపడి ఉంటుంది. ఇంగ్లిష్ ‘ఫ్ల’ అలాంటిదే. ఫ్లాష్, ఫ్లిక్, ఫ్లిప్, ఫ్లాప్, ఫ్లికర్. వీటన్నిటికీ ఒకే వేరు లేదు, అయినా చప్పున కదిలే ఒక భావం అన్నిటిలోనూ ఉంది. ‘ఫ్లోర్’, ‘ఫ్లెష్’ లాంటివి దానికి లొంగవు, అది వేరే విషయం. ఈ ఫిర్త్ లాహోర్‌లో ఇంగ్లిష్ ప్రొఫెసర్‌గా పనిచేసినవాడు, తర్వాత గుజరాతీ, తెలుగు భాషల మీద కూడా పని చేశాడు. ఆయన చెప్పింది చదివాక నేను మన మాటలు వరుసగా రాసుకున్నాను. తుర్రు, సర్రు, జర్రు, గిర్రు, బుర్రు. ఇంగ్లిష్‌వాడికి కదలిక మాట మొదట్లో వినిపిస్తే, మనకు చివర వినిపిస్తుంది, ఆ ‘ర్రు’లో. ఇది నా పరిశీలన. మీలో ఎవరైనా పరిశోధనకు తీసుకుంటే సంతోషిస్తాను.

ఇందాక చెప్పిన ‘ఫ్లటర్’ కూడా పాత ఇంగ్లిష్‌లో అలల మీద అటూ ఇటూ తేలియాడడమే. చివరి ‘అర్’ పని పదేపదే జరుగుతోందని చెబుతుంది, చాటర్, గ్లిటర్ లాగా. మనం ఆ పనిని మాటను రెట్టించి చేస్తాం. రెపరెప. మిలమిల. ఫ్లటర్‌కు ‘రెపరెప’ సరిగ్గా అతుకుతుంది. ఫ్లిట్‌కు అతకదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ‘డార్ట్’ అసలు విసిరే చిన్న ఈటె. ‘స్కాంపర్’ వెనక యుద్ధభూమి వదిలి పారిపోవడం ఉందంటారు. ‘ట్రిప్’ మొదట తేలికైన అడుగులతో గంతులేయడం, నాట్యం చేయడం. అడుగు తప్పితే తూలి పడడం అయింది, చిన్న ప్రయాణమూ అయింది. ఆ ‘ట్రిప్పు’ మన దగ్గరికొచ్చి ఇసుక ట్రిప్పు, మొరం ట్రిప్పు అయింది. ఫ్లిట్ బరువు దించుకుంటే, నాట్యం చేసిన ట్రిప్ మన ఊళ్లో ట్రాక్టర్ లోడు ఎత్తుకుంది. మన ‘ఉరుకు’ సంగతీ చూడండి. మన దగ్గర ఉర్కుడు అంటే పరుగెత్తడం, కృష్ణా గోదావరి వైపు నూతిలోకి ఉరికాడంటే దూకాడని. ప్లు ధాతువు తేలడాన్నీ దూకడాన్నీ కలిపి పట్టుకున్నట్టే ఇదీ.

టీచర్లకు ఒక్క మాట. ఒక ఇంగ్లిష్ మాటకు ఒక తెలుగు మాట రాయించి వదిలేయకండి. మాట కాదు, వాక్యం అడగండి. ఒక ఆలోచన ‘ఫ్లిట్’ అయిందంటే మనం ‘తళుక్కున మెరిసింది’ అంటాం. ముఖం మీద నవ్వయితే ‘మెరిసి మాయమైంది’ అంటాం. ఉద్యోగాలు మారుస్తూ తిరిగే మనిషిని ‘కాలుగాలిన పిల్లి’ అంటాం, కానీ అందులో బాధ, ఆరాటం ఉన్నాయి, ఫ్లిట్‌లో అవి లేవు. ఆ తేడా పిల్లలు పట్టుకోగలరు. పట్టుకునే దాకా ఓపిక పట్టాలి.

ఏమన్నా అడుగుతారా? ఆ, చెప్పు బాబూ.

‘ఫ్లాట్’ కూడా ఈ కుటుంబమేనా అని అడుగుతున్నాడు. కాదు నాన్నా. అది కూడా నార్స్ నుంచే వచ్చింది, కానీ దాని వేరు పరుచుకోవడం, వెడల్పు అన్న అర్థంలో ఉంది. సంస్కృతంలో ‘పృథు’, ‘పృథ్వి’ దానికి చుట్టాలు. మంచి ప్రశ్న, అనుమానం వచ్చినప్పుడల్లా ఇట్లనే అడగాలి.

ఇంకా? వెనకాల ఆ అమ్మాయి. పిచ్చుక కొమ్మ నుంచి కొమ్మకు ‘ఫ్లిట్’ అయిందంటే తుర్రున ఎగిరిందని రాయొచ్చా అంటోంది. చూడమ్మా, తుర్రుమంటే పిట్ట పోయినట్టే, ఇక మళ్లీ రాదు. ఇక్కడ అది పోవడం లేదు, చెట్టు మీదే ఉంది, చోటు మారుతోంది. మీ ఇంట్లో ఎట్లా అంటారో అట్లా చెప్పు. పుస్తకం భాష అక్కర్లేదు, మీ నాయనమ్మ అయితే ఏమంటుందో చెప్పు.

‘పిట్ట ఈ కొమ్మ మీద వాలీ వాలకముందే ఆ కొమ్మ మీదున్నది.’

విన్నారా? ‘ఎగిరింది’ అన్న మాటే లేదు అందులో. రెక్క లేదు, చప్పుడు లేదు. రెండు కొమ్మలున్నాయి, ఆ రెండింటి మధ్య మనకు కనపడకుండా పోయిన పిట్ట ఉంది. ముందుకు రా తల్లీ. ఇదిగో చాక్‌పీస్, ఆ వాక్యం బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయి, అందరూ రాసుకుంటారు.